నైట్రో ట్రక్కులను పాత ఇనుముకు వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో రిమోట్ కార్ల మీద మీరు వేసిన పేజీ చదివాను. ఇట్లాంటి వాటి గురించి తెలుగు పేపర్లో రావడమే అరుదు, అందుకు ముందుగా మీకు థ్యాంక్స్. బ్యాటరీ ట్రక్కుల గురించి అందులో రాసినదంతా నిజమే. కానీ నైట్రో ట్రక్కుల దగ్గరికి, అంటే బ్యాటరీ బదులు చిన్న ఇంజన్‌తో నడిచే రిమోట్ ట్రక్కుల దగ్గరికి వచ్చేసరికి పొగ, గోల, పాత రకం అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే రాస్తున్నాను, పొడుగు ఎక్కువైతే మీరే కత్తిరించుకోండి.

నేను అనంతపురంలో టూవీలర్ మెకానిక్‌ని. షెడ్డు పెట్టి ఇరవై రెండేళ్లయింది. 2010లో బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో నైట్రో మాన్‌స్టర్ ట్రక్కు కొన్నాను, ట్రాక్సస్ కంపెనీ టీ-మ్యాక్స్. బస్సు డిక్కీలో వేయడానికి మనసొప్పక ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. పెనుకొండ దాటేదాకా పక్క సీటు పెద్దాయన అడుగుతూనే ఉన్నాడు, "ఏమప్పా, నిజంగానే ఇంజన్ ఉందా దీంట్లో?" అని. ఉందని చెప్పి మూత తీసి చూపిస్తే ఆయన వేలితో సైలెన్సరు తడిమి చూసి, నూనె అంటిన వేలిని పంచెకు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

ఎప్పుడూ చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. మూరెడు పొడవు, నాలుగు కిలోల బరువు, బండికి మించిన చక్రాలు. మధ్యలో 2.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, అంటే మన 100 సీసీ బండిలో నలభయ్యో వంతు. బండి ఇంజన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరిగితేనే మనం భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తాం, ఇది ముప్పై వేలు దాటుతుంది. స్పార్క్ ప్లగ్గు ఉండదు. దాని బదులు గ్లో ప్లగ్గు, లోపల స్ప్రింగులా చుట్టిన సన్నటి ప్లాటినం తీగ. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ఆ తీగను ఎర్రగా కాలుస్తాం, ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం, ఆ తర్వాత మిథనాల్ ఆవిరి ప్లాటినానికి తగిలినప్పుడు పుట్టే వేడి, సిలిండర్లో మంట వేడి కలిసి తీగను ఆరనివ్వవు.

ఇందులో పోసేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ద్రవం. అందులో నైట్రోమీథేన్ వాటా మాన్‌స్టర్ ట్రక్కుల్లో చాలామంది 20 శాతం వాడతారు, కొందరు 30 దాకా పోతారు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు కాలాలంటే పద్నాలుగున్నర పాళ్ల పైన గాలి కావాలి, మిథనాల్‌కు ఆరున్నర చాలు, నైట్రోమీథేన్ తన ఆక్సిజన్ తనే మోసుకొస్తుంది కాబట్టి దానికి రెండు పాళ్లు కూడా అక్కర్లేదు. అదే సిలిండర్లోకి అంత ఎక్కువ ఇంధనం పోయి కాలుతుంది, ఆ బలమంతా అక్కడిదే. టీ గ్లాసంత ట్యాంకు పది పన్నెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేదీ అందుకే.

అసలు సంగతి గాలిలో ఇంధనం కలిపే కార్బురేటర్ దగ్గర ఉంది. దాని మీద హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్ అని రెండు స్క్రూలు, ఐడిల్‌కు, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ మెల్లగా తిరగడానికి, ఇంకొకటి. వీటిని తిప్పడానికి మీటరు లేదు, స్క్రీను లేదు, చెవి పెట్టి వినాలి. మన అనంతపురం ఎండల్లో పొద్దున ఆరున్నరకు చల్లగాలిలో కరెక్టుగా పెట్టిన నీడిల్ పది గంటలకు పనికిరాదు. ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడుతుంది, అప్పటిదాకా సరిపోయిన ఇంధనమే ఎక్కువవుతుంది, ఇంజన్ గొంతు బరువెక్కి గుడగుడమంటుంది, అప్పుడు గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత స్క్రూ బిగించాలి. అట్లని ఇంకొంచెం ఎక్కువ తిప్పామా, లీన్ అయిపోయి, అంటే ఇంధనం తగ్గిపోయి, సన్నగా కీచుమంటుంది. రెండు నిమిషాలు ఆ మోత ఎంత బాగుంటుందో, ట్రక్కు ఎంత ఉరుకుతుందో, తెలియనివాడైతే ఇదే కరెక్టు అనుకుంటాడు. నూనె వచ్చేది ఇంధనంలోనే కదా, ఇంధనం తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే, మూడో నిమిషంలో పిస్టన్ పట్టేస్తుంది.

అందుకని ఇంజన్ హెడ్డు మీద ఒక నీటి చుక్క వేసి చూస్తాం. మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆవిరైతే బాగుంది, పడీ పడకముందే చుయ్యిమని ఎగిరిపోతే వేడి ఎక్కువైంది, ఊరికే కూర్చుంటే ఇంధనం ఎక్కువ పోతోంది. ఫుల్ స్పీడులో సన్నగా పొగతోక కనపడాలి. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంధనం పైపును వేళ్లతో నొక్కి పడితే ఇంజన్ రెండు మూడు సెకన్లు కొంచెం లేచి ఆ తర్వాత ఆగాలి, వెంటనే ఆగితే లో స్పీడ్ లీన్‌గా ఉన్నట్టు, చాలాసేపు లాగితే రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువగా ఉన్నట్టు. ఇవన్నీ నాకు ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. ఒక ఇంజన్ పాడు చేసుకున్నాక, ఇంకొకటి పాడు కాకుండా చూసుకునే పద్ధతిలో వచ్చాయి.

కొత్త ఇంజన్ అయితే ఇంకా ఓపిక కావాలి. వీటిలో స్లీవు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, ఇత్తడిది, లోపల క్రోమ్ పూత, పిస్టన్ అల్యూమినియం, రింగులు ఉండవు. స్లీవు పై భాగం కావాలనే కాస్త ఇరుకుగా చేస్తారు, వేడెక్కితేనే సరిపోయేటట్టు. అందుకే మొదటి నాలుగైదు ట్యాంకులు రిచ్‌గా పెట్టి, ఒక్కో ట్యాంకుకు చల్లార్చి, చల్లారేటప్పుడు పిస్టన్ కిందికి ఉండేట్టు చూసి, మెల్లగా అలవాటు చేయాలి. కొత్త బండిని మొదటి ఐదొందల కిలోమీటర్లు జాగ్రత్తగా తోలమంటాం కదా, ఇది దానికి పదింతలు. ఒక ఆదివారం మొత్తం పోతుంది. నాకు ఆ ఆదివారాలే గుర్తున్నాయి.

2011, 12 ప్రాంతంలో మేం ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ట్రాక్టరు స్పేర్ పార్ట్‌ల షాపు ఆయన, ఒక ఆటో ఎలక్ట్రీషియన్, కాలేజీ పిల్లలు ఇద్దరు, మిగతా ముగ్గురం మెకానిక్‌లం. చెనిక్కాయ పంట తీసేశాక చేలు ఖాళీగా ఉంటాయి కదా, ఊరి బయట అట్లాంటి చేలో తోలేవాళ్లం. మన ఎర్రమట్టి పిండిలా లేస్తుంది, స్పాంజి ఫిల్టరుకు నూనె పట్టించడం ఒక్క పూట మరిచినా స్లీవు గీతలు పడిపోతుంది, ఆ తప్పు ఎనిమిది మందిలో ఐదుగురం చేశాం. బ్యాంకు ఆయన దగ్గర ఎచ్‌పీఐ వాళ్ల సావేజ్ ఉండేది, 3.5 సీసీ, తాడు లాగి స్టార్ట్ చేసేది. అది గట్టు మీద నుంచి ఎగిరి పడితే చేలో పని చేసుకునేవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు.

ఇప్పుడు ఇద్దరం మిగిలాం.

ఎందుకు తగ్గింది అంటే ఒక్క కారణం కాదు. ఈ ట్రక్కులకు ఊపు తెచ్చింది 1999లో వచ్చిన టీ-మ్యాక్సే. రివర్స్ గేరు, రెండు స్పీడ్‌ల గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ పవర్, పెట్టెలోంచి తీసి తోలుకోవడమే. తర్వాత సావేజ్, రెవో, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ రోజుల్లో ఎలక్ట్రిక్ ట్రక్కు అంటే బరువైన నికెల్ బ్యాటరీలు, పది నిమిషాల ఆట, గంట చార్జింగు. దానితో పోలిస్తే నైట్రోకు ట్యాంకు నింపితే చాలు, పొద్దుగూకేదాకా ఆడొచ్చు. ఆ లెక్క లైపో అనే తేలికైన లిథియం బ్యాటరీ, బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ మోటారు కలిసి వచ్చాక పూర్తిగా తిరగబడింది. ట్రాక్సస్ వాళ్లే 2015లో ఎక్స్-మ్యాక్స్ అని పెద్ద ఎలక్ట్రిక్ ట్రక్కు తెచ్చారు, దాని ముందు నా టీ-మ్యాక్స్ చిన్నపిల్లలా కనిపిస్తుంది. స్టేడియాల్లో పాత కార్లను తొక్కే అసలు మాన్‌స్టర్ ట్రక్కులు ఉంటాయే, అవి కూడా మిథనాల్ మీద నడిచేవే, కానీ ఆ ఆటకు ఆద్యులైన అమెరికా బిగ్‌ఫుట్ వాళ్లు 2012లోనే బ్యాటరీలతో నడిచే ట్రక్కు చేసి చూపించారు. గాలి ఎటు తిరుగుతోందో అప్పుడే తెలిసింది.

మా ఇంట్లోనే చెప్తాను. మా అక్క కొడుకు రెండేళ్ల కింద బ్రష్‌లెస్ ట్రక్కు కొన్నాడు, మూడు సెల్‌ల లైపో, 11.1 వోల్టులు. బటన్ నొక్కాడు, పోయింది. అంతే. వేడి చూసేది లేదు, ప్లగ్గు మార్చేది లేదు, ఇంటికొచ్చాక నూనె తుడిచేది లేదు, అపార్ట్‌మెంట్ సెల్లారులో కూడా ఆడుకోవచ్చు. మొదటి లాగులోనే నా ట్రక్కును దాటేశాడు. వాడి సంతోషం చూసి నాకూ సంతోషమైంది, ఇందులో దాచేది ఏముంది. ఉద్యోగం చేసుకుంటూ వారానికి అరగంట దొరికేవాడు నైట్రో కొనాలని నేను ఎవరికీ చెప్పను. లైపోకు మాత్రం మన ఎండ పడదు, అది తెలుసుకోండి. మే నెలలో ఒకాయన బ్యాటరీని కారులో మరిచిపోతే సాయంత్రానికి దిండులా ఉబ్బింది, అంటుకోలేదు, అదృష్టం.

ఇంకో దెబ్బ ఇంధనం. ఇది మండే ద్రవం, మామూలు కొరియర్‌లో పంపకూడదు, పంపరు. బెంగళూరు పోయి తెచ్చుకోవాలి, అక్కడ దొరికిన రోజు దొరికినట్టు. ఒకసారి ఒక షాపులో ఎప్పటిదో సీలు తీసిన క్యాను అంటగట్టారు. మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, మూత సరిగ్గా లేకపోతే కొన్నాళ్లకు నీళ్లు కలిసినట్టే. ఆ ఒక్క పొద్దులో నాలుగు గ్లో ప్లగ్గులు పోయాయి, తప్పు నీడిల్‌ది అనుకుని నేను తిప్పుతూ కూర్చున్నాను, నెల తర్వాత విప్పి చూస్తే వెనక బేరింగు తుప్పు పట్టి ఉంది. షాపులో అడిగితే మాకు సంబంధం లేదన్నారు. అట్లాంటివి రెండుసార్లు జరిగితే ఎవరైనా విసిగిపోతారు, మాలో ముగ్గురు అట్లే విసిగిపోయారు. దానికి తోడు 2020 బడ్జెట్లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. బయటి నుంచి కొత్త ట్రక్కు తెప్పించుకోవాలంటే జేబు ఒప్పుకోవడం లేదు.

గోల సంగతి కూడా ఒప్పుకుంటాను. ఒకసారి గొర్లాయన కర్ర పట్టుకుని వచ్చి, "ఏంటికప్పా ఈ మోత, గొర్లు బెదురుతాండాయి" అన్నాడు. ఆయన బతుకు ఆ గొర్ల మీద ఉంది, మాది ఆట. ఆయన చెప్పింది న్యాయం. అప్పటి నుంచి ఆ వైపు పోలేదు. ఇళ్ల మధ్య కూడా ఎప్పుడూ స్టార్ట్ చేయలేదు.

ఇంత ఒప్పుకున్నాక మరి నీ బాధ ఏంటి అంటారా. చెప్తాను.

2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగ మీద బీఎస్-6 అనే కొత్త నిబంధన వచ్చింది. కొత్త బండ్లలో చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గాలి ఎంత, ఇంధనం ఎంత అనేది సెన్సర్లు చూసుకుంటాయి. పొగ తగ్గింది, మైలేజీ బాగుంది, నేనూ స్కానర్ కొన్నాను, అదే అన్నం పెడుతోంది. కానీ నా దగ్గర పని నేర్చుకునే పిల్లోడికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. చురుకైనవాడు. స్కానర్‌లో వచ్చిన కోడ్ చూసి పార్టు మారుస్తాడు, మార్చేది కరెక్టే. ఆ పార్టు లోపల ఏం జరుగుతోందో, ఇంజన్‌కు గాలి ఎక్కువైతే ఏ మాట పలుకుతుందో, ఇంధనం ఎక్కువైతే ఏ మాట పలుకుతుందో వాడెప్పుడూ వినలేదు. వినే సందర్భమే రాలేదు. నేను వాడి వయసులో రోజుకు పది కార్బురేటర్లు విప్పేవాణ్ని.

వాడికి ఒక ఆదివారం టీ-మ్యాక్స్ చేతికిచ్చి స్క్రూడ్రైవర్ ఇచ్చాను. మొదట భయపడ్డాడు, పాడైతే అన్నా అని. పాడైతే బాగు చేద్దాం అన్నాను. నీడిల్ అటు తిప్పించాను, ఇటు తిప్పించాను, కళ్లు మూసుకుని వినమన్నాను. మూడో ట్యాంకుకు నేను చెప్పకముందే "అన్నా, రిచ్ అయింది" అన్నాడు. ఆ వారంలోనే షెడ్డుకు ఒక పాత బండి వచ్చింది, స్టార్ట్ చేయగానే వాడే చెప్పాడు, ఎక్కడో గాలి లాగుతోందని. చూస్తే కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే మానిఫోల్డ్ రబ్బరు చీలి ఉంది.

పోయిన ఏడు ఒక ఇంజనీరింగ్ అబ్బాయి బండి సర్వీసింగుకు ఇచ్చి, షెల్ఫులో ట్రక్కు చూసి ఆగిపోయాడు. మెకానికల్ మూడో సంవత్సరం. గాలి, ఇంధనం లెక్కలు నాకంటే వందరెట్లు బాగా వచ్చు, నాకు తెలియని ఫార్ములా కూడా కాగితం మీద వేసి చూపించాడు. నడుస్తున్న ఇంజన్ స్క్రూ మీద మాత్రం ఎప్పుడూ చేయి వేయలేదట. అరగంట ఇచ్చాను. నీటి చుక్క పరీక్ష చేసి, వేడి కొలిచే గన్‌తో సరిచూసుకుని, 110 డిగ్రీలు ఉందని చదివి, ఆ అబ్బాయి ముఖం వెలిగిన తీరు నేను మరిచిపోలేను. ఇప్పుడు రెండు వారాలకొకసారి వస్తున్నాడు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆటగా చూస్తే ఎలక్ట్రిక్ గెలిచింది, నాకు పేచీ లేదు. కానీ అరచేతిలో పట్టే ఇంజన్‌ను విప్పి, బిగించి, చెవితో విని సరిచేసే అవకాశం ఒక పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఇవాళ ఇంకెక్కడ ఉంది? పెద్ద ఇంజన్ విప్పాలంటే జాకీలు కావాలి, డబ్బు కావాలి, పాడైతే భరించాలి. ఇది టేబుల్ మీద విప్పొచ్చు. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో పాఠం చెప్పే సార్లు ఎవరైనా ఇది చదివితే, ల్యాబులో ఒక్క నైట్రో ఇంజన్ పెట్టుకోండి, పాతదైనా సరే. పెట్టడం రాకపోతే నేను వచ్చి చూపిస్తాను, దానికి డబ్బు తీసుకోను.

జాగ్రత్త కూడా చెప్పాలి, చెప్పకపోతే తప్పవుతుంది. మిథనాల్ విషం. కల్తీ సారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని పేపర్లో చదువుతామే, ఆ కల్తీలో ఉండేది ఇదే. అమ్మకం మీద నిఘా ఉందంటే ఉండాల్సిందే. చేతికి గ్లోవ్స్ లేకుండా పోయకూడదు, ఇంట్లో వాటర్ బాటిల్లో ఎప్పుడూ పెట్టకూడదు. ఇంకోటి, మిథనాల్ అంటుకుంటే పట్టపగలు మంట కంటికి కనపడదు. కాబట్టి వేడి ఇంజన్ మీద ఇంధనం పోయడం పిల్లల పని కాదు, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

మీ కథనంలో నైట్రో పని అయిపోయినట్టు రాశారు, అది మాత్రం సరికాదు. అసలు బండిలో ఎనిమిదో వంతు సైజుండే నైట్రో బగ్గీలకు 1986 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతోంది, ఫైనల్ గంటసేపు ఉంటుంది, మధ్యలో పిట్‌లోకి వచ్చి సెకన్లలో ఇంధనం పోయించుకుని పోతారు. మాన్‌స్టర్ ట్రక్కుల్లో కూడా కొన్ని ఇప్పటికీ తయారవుతున్నాయి. వీలైతే ఒక ఆదివారం మీ విలేకరిని పంపండి, ఒకసారి ఆ చప్పుడు వింటే ఎట్లా రాయాలో ఆయనకే తెలుస్తుంది.

చివరగా కర్నూలు, కడప, అనంతపురంలో ఎవరింట్లోనైనా అటక మీద నైట్రో ట్రక్కు పడి ఉంటే దయచేసి పాత ఇనుముకు వేయకండి. నాకు తెలిసి రెండు అట్లా పోయాయి, ఒకటి తూకానికి పోయింది, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఊరి బయట మేం తోలే చేను రైతు సంక్రాంతి దాకా వాడుకోమన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి పది దాకా అక్కడే ఉంటాం. నా నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగినవాళ్లకు ఇవ్వండి.

ట్రక్కు నడవకపోయినా తీసుకురండి. ఇంజన్ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకండి, చాలాసార్లు లోపల పాత ఆముదం నూనె జిగురై ఉంటుంది, అంతే. తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో హెడ్డు కాస్త వేడి చేసి, ప్లగ్గు తీసి రెండు చుక్కలు సన్న నూనె వేసి, మళ్లీ ప్లగ్గు బిగించి గుడ్డలో చుట్టి తెచ్చేయండి. మిగతాది షెడ్డులో చూసుకుందాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
టూవీలర్ మెకానిక్, అనంతపురం